ఎడమ చెయ్యి వేరు, కుడి చెయ్యి వేరు

ఉడికిన లాబ్‌స్టర్‌ని పళ్ళెంలో నా ముందు పెట్టి, దాని పక్కన మా అమ్మాయి మూడు వస్తువులు పేర్చింది. అడకత్తెర లాంటి ఇనుప సాధనం ఒకటి, జానెడు పొడుగున్న సన్నటి ముల్లు ఒకటి, మెడకు కట్టుకోడానికి ప్లాస్టిక్ కాగితం ఒకటి. తిండి తినడానికి ఇంత సరంజామా ఏమిటమ్మా అన్నాను. "ముందు విప్పాలి నాన్నా, తినడం తర్వాత" అంది.

అమెరికా ఈశాన్య మూల, కెనడా సరిహద్దుకు ఆనుకుని ఉండే మెయిన్ రాష్ట్రంలో అదొక చిన్న రేవు. గట్టు మీద చెక్క షెడ్డు, లోపల సముద్రపు నీళ్ళు పారే తొట్లు, బయట ఆవిర్లు కక్కే గంగాళాలు. తొట్లోంచి మనం చూపించినదాన్ని తీసి, తూకం వేసి, ఉప్పునీటి ఆవిరి మీద ఉడికించి ఇస్తారు. మేం తీసుకున్నది రెండు పౌన్లు, అంటే సుమారు 900 గ్రాములు. నేను కాకినాడ వైపు వాణ్ణి. మా ఇంట్లో రొయ్యంటే గుప్పెట్లో పది పట్టాలి. జానెడు రొయ్య వచ్చిందంటే ఇరుగుపొరుగుకు చూపించేవాళ్ళం. ఇది చేతులు చాపుకుని మూరెడుంది. గోటితో కొడితే పింగాణీలా టక్కుమంది. నిజం చెప్పొద్దూ, ఆకలి కన్నా ముందు బెదురు పుట్టింది.

అయినా ఇది వాళ్ళ లెక్కలో కుర్రది. 1977లో కెనడాలోని నోవా స్కోషియా తీరాన దొరికిన ఒకటి 20.14 కిలోలు తూగింది. చేతుల కొస నుంచి తోక చివరి దాకా మీటరు దాటింది. ఇంటికి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాని గుర్తు చేసుకుని, దానికి పది కాళ్ళు తగిలించి చూడండి. సముద్రంలోని రొయ్యా పీతల కుటుంబంలో అంతకు మించి తూగినది రికార్డులకెక్కలేదు. ఉత్తరాన లాబ్రడార్ నుంచి దక్షిణాన నార్త్ కరోలినా దాకా అట్లాంటిక్ చల్లటి నీళ్ళలో బతికే జాతి ఇది. ఒంట్లో ఒక్క ఎముకైనా లేకుండా, పెరగని డొప్పలో ఉంటూ, అంత ఒళ్ళు ఎలా చేస్తుందన్నది విప్పుతూ పోతే ఒక్కొక్కటిగా తెలుస్తుంది. మా అమ్మాయి విప్పించిన వరసలోనే చెబుతాను.

మొదట చేతులు. మొదట్లో పట్టుకుని తిప్పితే తేలిగ్గానే ఊడొస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే జీవివి అంటే నమ్మబుద్ధి కాదు. ఒకటి లావుగా, బొద్దుగా ఉంటుంది. దాని దవడల లోపలి అంచున గుండ్రటి బొడిపెలు, మన దంతాల్లో నమిలే పళ్ళలాంటివి. ఇది నలగ్గొట్టే చెయ్యి. ఆల్చిప్పలు, నత్తలు, పీతలు దీని కింద పడితే పిండే. రెండోది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అంచున రంపం పళ్ళు, వాటి మధ్య స్పర్శ తెలిసే వెంట్రుకలు. ఇది పట్టి కోసే చెయ్యి. తేడా పళ్ళతో ఆగదు, లోపలి కండలోనూ ఉంది. నలగ్గొట్టే చేతిలో ఉన్నదంతా నెమ్మదిగా ముడుచుకుని చాలాసేపు బిగువు సడలనివ్వని కండ. కోసే చేతిలో ఎక్కువ భాగం చటుక్కున ముడుచుకునే కండ. ఒకటి బండపట్టు పట్టేది, రెండోది దాటిపోతున్న చేపను అందుకునేది. మన వంటింట్లో రోకలికీ కత్తిపీటకూ పనిలో ఎంత తేడా ఉందో వీటికీ అంతే.

ఏ చెయ్యి ఏదవుతుందన్నది పుట్టుకతో రాదు. కొన్నింటికి ఎడమది లావు, కొన్నింటికి కుడిది. ఇంచుమించు సగం సగం. పిల్లగా సముద్రం అడుక్కి దిగే రోజుల్లో రెండు చేతులూ సన్నగా, ఒకే పోలికలో ఉంటాయి. ఆ కొద్ది దశల్లో ఏ చెయ్యి ఎక్కువగా పట్టుకుని నొక్కుతుందో అదే లావుదవుతుంది. ఈ సంగతి 1980లలో ప్రయోగం చేసి తేల్చారు. పట్టుకోడానికి ఆల్చిప్ప ముక్కలు వేసిన తొట్లో పెంచితే ఏదో ఒక చెయ్యి నలగ్గొట్టేదిగా తయారైంది. పట్టుకోడానికి ఏమీ లేని నున్నటి తొట్లో పెంచినవాటిలో చాలావాటికి రెండు చేతులూ సన్నవిగానే మిగిలాయి. పని చేసినదానికే ఆ పనికి తగిన ఆకారం వచ్చిందన్నమాట. ఒకసారి ఖాయమయ్యాక ఇక మారదు. లావు చెయ్యి ఊడిపోతే మళ్ళీ అదే పక్క లావుదే మొలుస్తుంది. నా పళ్ళెంలో ఉన్నది ఎడమచేతి వాటం. అది ఏళ్ళ క్రితం ఏ గవ్వ ముక్కను ఎడమచేత్తో పట్టుకుందో అనుకుంటూ అడకత్తెర అందుకున్నాను.

చేతికి రెండు వేళ్ళున్నట్టు కనిపిస్తుంది గానీ కదిలేది ఒక్కటే. రెండోది అరచేతిలో భాగమే, స్థిరంగా ఉంటుంది. కదిలే వేలిని వెనక్కి విరిచి మెల్లగా లాగమంది మా అమ్మాయి. లాగితే వేలితో పాటు లోపలినుంచి పలచటి, తెల్లటి, ఆకు లాంటి బిళ్ళ ఒకటి వచ్చింది. తెలియనివాళ్ళు దాన్ని నోట్లో వేసుకుని కరకరలాడిందని ఉమ్మేస్తారట. అసలు యంత్రమంతా ఆ బిళ్ళలోనే ఉంది. అరచేతిలోని కండ పోగులన్నీ రెండు వైపులనుంచీ ఏటవాలుగా వచ్చి దానికి అతుక్కుంటాయి, పక్షి ఈకలో నడిమి కాడకు పీచులు అతుక్కున్నట్టు. పోగులు నిలువుగా ఉంటే ఆ చోట్లో కొన్నే పట్టేవి. ఏటవాలుగా ఉండడంతో ఎన్నో రెట్లు పడతాయి. అన్నీ ఒకేసారి బిళ్ళను లాగితే వేలు మూసుకుంటుంది. ఆ బలంతోనే గవ్వ పగిలేది.

మూసే కండ అంత లావైతే, తెరిచే కండ బహు సన్నది. తెరవడానికి బలమెందుకు? ఈ ఒక్క సంగతి మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తోంది. పట్టగానే జాలరి చిన్న పట్టకారుతో ఒక రబ్బరు బ్యాండు సాగదీసి చేతికి తొడుగుతాడు. గవ్వలు పగలగొట్టే చెయ్యి ఆ రబ్బరు బ్యాండును మాత్రం తెంచుకోలేదు. అది రానంతకాలం కీలు సందులో చెక్క మేకు దిగగొట్టేవారు. కదలకుండా ఉండేది, నిజమే. మేకు దిగిన చోట మాంసం పాడయ్యేది కూడా.

చేతికీ ఒంటికీ మధ్య ఉండే కణుపుల్ని అక్కడివాళ్ళు వేలి మెటికలతో పోలుస్తారు. నా తీర్పు అడిగితే మొత్తం జీవిలో రుచికి మొదటి పీట వీటిదే. తోకకు అంత పేరెందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. కణుపులు విరిచేటప్పుడు గమనిస్తే ప్రతి కీలూ తలుపు బందు లాంటిది. రెండు బొడిపెలు, రెండు గుంటలు, ఒకే దిక్కుకు మడత. మన భుజంలా అన్ని వైపులా తిరిగే కీలు దీనికి లేదు. అయినా చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది. ఎలాగంటే, ఒక కీలు పైకీ కిందకీ మడిస్తే, దాని పక్కది అటూ ఇటూ మడుస్తుంది, ఆ పక్కది మరో ఏటవాలులో. ఒకే దిక్కుకు కదిలే బందులు మూడు నాలుగు, ఒక్కోటీ ఒక్కో కోణంలో అమర్చితే, చివరనున్న వేలు ఎక్కడికైనా చేరుతుంది. కర్మాగారాల్లో పనిచేసే మరచేతుల్లోనూ ఇదే కిటుకు.

ఈ కణుపుల దగ్గరే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. నా దగ్గరున్న చెయ్యి నా గుప్పిటంత. అది ఒంటికి కలిసే చోట కీలు నా చూపుడువేలంత. లాబ్‌స్టర్ పెరగాలంటే పాత డొప్ప విడవాలి. మరి ఆ గుప్పిటంత కండ, వేలంత సందులోంచి ఎలా బయటకొస్తుంది?

జవాబు నెలల ముందునుంచే మొదలవుతుంది. పాత డొప్ప కింద కొత్తది, మెత్తగా, ముడతలుగా తయారవుతుంది. పాత డొప్పలోని సున్నాన్ని కొంత ఒళ్ళు వెనక్కి లాగేసుకుంటుంది. ముఖ్యంగా ఇరుకు కీళ్ళ దగ్గర డొప్ప మెత్తబడుతుంది. లాక్కున్న సున్నంలో కొంత, పొట్ట గోడల్లో రెండు తెల్లటి బిళ్ళలుగా దాచుకుంటుంది. చేతుల్లో కండ తనంతట తానే చిక్కిపోతుంది. విడిచే వేళకు చేతిలో రక్తం కూడా ఒంట్లోకి జారిపోతుంది. అప్పుడు మొండేనికీ తోకకూ మధ్య పొర చిట్లుతుంది. లాబ్‌స్టర్ ఒక పక్కకు ఒరిగి, ఒంటిని మడిచి, ఆ చీలికలోంచి వెనక్కి వెనక్కి జరుగుతూ బయటకొస్తుంది. చేతులు, కాళ్ళు, మీసాలు, కంటి మీది పొర, మొప్పల మీది పొర, చివరికి పొట్ట లోపలి పళ్ళతో సహా పాత లైనింగు, అన్నీ పాత డొప్పతోనే పోతాయి. వదిలేసిన డొప్పను చూస్తే అచ్చం బతికున్న లాబ్‌స్టరే, లోపల మాత్రం ఖాళీ. ఈ బయటపడడమంతా సాధారణంగా అరగంట లోపలే.

బయటపడ్డది జెల్లీలా ఉంటుంది. వెంటనే నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ముడతలు సాగుతాయి. పొడుగు సుమారు ఏడో వంతు, బరువు దాదాపు సగం పెరుగుతుంది. దాచుకున్న బిళ్ళలు కరిగి ముందుగా నోటి భాగాల్నీ, పొట్టలోని పళ్ళనూ గట్టిపరుస్తాయి. అవి గట్టిపడగానే మొదట తినేది పక్కనే పడున్న తన పాత డొప్పని. అందులో ఇంకా మిగిలిన సున్నంలో కొంత ఇలా తిరిగి రాబట్టుకుంటుంది. పుట్టిన ఐదారేళ్ళలో ఇరవై పాతిక సార్లు ఇలా విడిస్తే గానీ పళ్ళెంలోకి వచ్చే సైజుకు చేరదు. పెద్దవైనకొద్దీ ఏడాదికోసారి, తర్వాత రెండు మూడేళ్ళకోసారి. ఒంట్లో గట్టి భాగమేదీ జీవితాంతం నిలవదు కాబట్టి, చేపకూ చెట్టుకూ చెప్పినట్టు దీని వయసు చెప్పడం కష్టం.

తినేవాడికి ఇందులో ఒక లౌక్యం ఉంది. వేసవి చివర్లో వచ్చేవి ఎక్కువగా కొత్త డొప్పవి. చేత్తోనే విరుగుతాయి, మాంసం తియ్యగా ఉంటుంది, కానీ డొప్పలో సగం నీళ్ళే. గట్టి డొప్పదానిలో మాంసం నిండుగా ఉంటుంది, తూకానికి న్యాయం జరుగుతుంది, కాకపోతే అడకత్తెరతో కుస్తీ పట్టాలి. ఏదైనా మొత్తం బరువులో చేతికొచ్చే మాంసం నాలుగో వంతు దాటితే గొప్పే.

ఆ గట్టి డొప్ప ముక్క నొకదాన్ని తుడిచి వెలుగులో పెట్టి చూశాను. కంటికి కనిపించేది నున్నటి పెంకే. దాని లోపలి కట్టడాన్ని జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో, ఇనుము మీద పరిశోధన కోసం పెట్టిన మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు 2000 దశకంలో శ్రద్ధగా చదివారు. ఉక్కు చదివేవాళ్ళకు లాబ్‌స్టర్‌తో ఏం పని అనిపిస్తుంది. పని ఉంది. డొప్పలో కైటిన్ అనే పీచు, ప్రోటీన్ తొడుక్కుని, చాపలా పరుచుకుంటుంది. దాని మీద ఇంకో చాప, కాస్త తిప్పి. దాని మీద మరొకటి, ఇంకాస్త తిప్పి. ఇలా మెలిక తిరిగిన మెట్ల వరసలా పొరలు పేరుస్తూ మధ్యలో సున్నం నింపితే డొప్ప. బయటి భాగంలో పొరలు దగ్గరదగ్గరగా, గట్టిగా ఉంటాయి. లోపలి భాగంలో ఎడంగా, కాస్త సాగేలా ఉంటాయి. పైన పడ్డ దెబ్బకు పగులు పుడితే, ప్రతి పొర దగ్గరా పీచు దిక్కు మారుతుంది కాబట్టి, అది తిన్నగా దిగలేక మెలికలు తిరిగి అలిసిపోతుంది. ప్లైవుడ్డులో చెక్కను అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి అతికించడం వెనకున్న ఆలోచనే, ఇక్కడ చాలా మెట్లు ముందుకెళ్ళింది. ఈ పొరల్ని నిలువునా తొలుస్తూ సన్నటి గొట్టాలుంటాయి, తేనెపట్టు అరల్లా. కొత్త డొప్పకు సున్నం చేరవేసే కాలవలవి, బరువు పెరక్కుండా బిగువునిచ్చేవీ అవే.

ఇక తోక. తోకను ఒక చేత్తో, మొండేన్ని ఒక చేత్తో పట్టి మెలిపెడితే రెండూ వేరవుతాయి. పెంకుటింటి పైకప్పులో ఒక పెంకు కింద ఇంకో పెంకు దూరినట్టు, తోక మీది బిళ్ళలు ఒకదాని కిందకు ఒకటి జారతాయి. అందుకే పూర్తిగా మడుచుకోగలదు. చివర ఐదు రేకుల విసనకర్ర. రేకుల్ని తుంచేసి ఆ కంతలోంచి వేలుపెట్టి నెడితే కండంతా ఒకే దిమ్మగా బయటకొస్తుంది. ప్రమాదం కనిపించగానే తోకను ఒక్కసారి లోపలికి మడిచి, విసనకర్రతో నీళ్ళను తోసి, వెనక్కి బాణంలా దూసుకుపోడానికి పెట్టుకున్న కండ అది. అంటే ఖరీదైన ఆ దిమ్మంతా పారిపోయే కండే. చాచడానికి కావలసిన కండ చాలా తక్కువ. దిమ్మ మీద ఒక పలచటి పట్టీలా ఉంటుంది. దాన్ని పైకి ఒలిస్తే కింద నల్లటి నరం లాంటిది కనబడుతుంది. అది పేగు. రొయ్య వెన్ను చీరి తీసేసేదే, ఇక్కడ సైజు పెద్దది.

తోక కిందున్న చిన్న తెడ్లలో మొదటి జత ముట్టుకుంటే ఆడో మగో తెలుస్తుంది. మగదానికి గట్టిగా పుల్లల్లా ఉంటాయి, ఆడదానికి మెత్తగా వెంట్రుకల్లా. ఆడదాని తోక కాస్త వెడల్పు కూడా. ఎందుకో తర్వాత చెబుతాను.

మొండెం చాలామంది వదిలేస్తారు. నాకు ఎక్కువసేపు పట్టింది అక్కడే. పై డొప్ప ఎత్తితే రెండు పక్కలా ఈకల్లా మొప్పలు, తినకూడదు. మధ్యలో పచ్చటి మెత్తటి ముద్ద, కాలేయమూ జీర్ణగ్రంథీ అదే. దాన్ని రొట్టెకు రాసుకు తినే రసికులున్నారు. సముద్రంలోని విషాలు అక్కడ పోగవుతాయి కాబట్టి తినొద్దని మెయిన్ రాష్ట్ర ఆరోగ్యశాఖ చెబుతుంది. నేను వదిలేశాను. మాంసం మీద అక్కడక్కడా పెరుగు తరకల్లా తెల్లగా అంటుకుని ఉన్నది గడ్డకట్టిన రక్తం. బతికున్నప్పుడు దానిలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది. గాలి తగిలితే నీలి ఛాయకు తిరుగుతుంది. మూత్రపు సంచి తలలో ఉంటుంది! మీసాల మొదట్లోంచి ముందుకు చిమ్ముతుంది. రెండు లాబ్‌స్టర్లు తలపడితే ఒకదాని ముఖాన ఒకటి చిమ్ముకుంటాయి, ఆ వాసనతోనే మునుపు తమను ఓడించినదాన్ని గుర్తుపడతాయి.

కళ్ళ వెనక గులకరాయంత సంచి ఉంటుంది, అది పొట్ట. చీల్చి చూస్తే లోపల మూడు పళ్ళు: నడుమ ఒకటి, చెరో పక్కా ఒకటి. నోట్లో నమలడం తక్కువ. ముక్కలు చేసి లోపలికి పంపితే తిరగలి పొట్టలోనే తిరుగుతుంది. ఆ తిరగలి తిప్పే కండల్ని నడిపేది సుమారు 30 నాడీకణాల ముడి. మన మెదడులో కణాలు వేల కోట్లు. ఇక్కడ ముప్ఫై, ఒక్కోదాన్నీ గుర్తుపట్టి పేరు పెట్టొచ్చు. అందుకే బోస్టన్ పక్కన బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఈవ్ మార్డర్ దశాబ్దాలుగా పీతల, లాబ్‌స్టర్ల పొట్టలోని ఈ ముడినే చదువుతున్నారు. లయ ఎలా పుడుతుంది, నీటి వేడి మారినా తాళం తప్పకుండా ఎలా నిలుస్తుంది అన్నవి ఆమె ప్రశ్నలు. గుండె కొట్టుకోడానికి ఇంకా తక్కువ, తొమ్మిది కణాలు సరిపోతాయి.

కళ్ళు తినడానికి పనికిరావు, చూడ్డానికి మాత్రం వదలకూడదు. ఈగ కంటికీ దీనికీ తేడా ఉంది. ఈగ కంటిలో అరలు ఆరు పలకలు, దీనికి నాలుగు పలకలు. గ్రాఫు కాగితంలా చదరాలు. ప్రతి చదరం లోపలి గోడలు అద్దాల్లా పనిచేస్తాయి. చీకటి నీళ్ళలో ఎటునుంచి ఏ కాస్త వెలుగు వచ్చినా ఆ గోడలకు తగిలి ఒకే చోటికి మళ్ళుతుంది. ఆకాశంలోంచి వచ్చే ఎక్స్-కిరణాల్ని మామూలు కటకంతో వంచడం కుదరదు. ఏటవాలుగా తగిలితే మాత్రం అద్దం మీంచి మళ్ళుతాయి. ఈ కంటి పద్ధతిలో దుర్భిణి కట్టొచ్చని 1979లోనే ప్రతిపాదన వచ్చింది. 2024 జనవరిలో చైనా ప్రయోగించిన ఐన్‌స్టీన్ ప్రోబ్ అనే ఉపగ్రహం ఆ చదరపు గొట్టాల అమరికతోనే ఆకాశాన్ని గాలిస్తోంది.

ఎరుపు సంగతి. తొట్లో ఉన్నప్పుడు ఇది నల్లటి ఆకుపచ్చ, అక్కడక్కడా నీలం. గంగాళంలోంచి వచ్చేటప్పటికి కుంకుమ. కొత్తగా చేరిన రంగేమీ లేదు. ఆస్టాక్సాంథిన్ అనే ఎర్రటి పదార్థం తిండి ద్వారా వచ్చి డొప్పలో ముందే ఉంటుంది. ఒక ప్రోటీన్ దాన్ని పట్టి బిగించి మడతపెట్టడంతో నీలంగా కనిపిస్తుంది. ఆ పట్టు ఎలాంటిదో 2002లో శాస్త్రవేత్తలు ఆకారంతో సహా చూపించారు. వేడికి ప్రోటీన్ విడిపోతుంది, రంగు తన అసలు ఎరుపుకు వస్తుంది. మన మూకుట్లో రొయ్యలు ఎర్రబడేదీ ఇందుకే. ఆడదాని కడుపులోని గుడ్ల ముద్ద కూడా పచ్చిగా ఉన్నప్పుడు నల్లపచ్చన, ఉడికితే పగడం.

బతికుండగానే ఎందుకు ఉడికిస్తారన్నది నన్ను తొలిచిన ప్రశ్న. చచ్చిన వెంటనే ఆ పచ్చటి గ్రంథిలోని రసాలు మాంసాన్ని లోపలినుంచి కరిగించడం మొదలుపెడతాయి, సూక్ష్మజీవులూ తొందరగా పెరుగుతాయి. కారణం నిజమే. అయినా మరుగుతున్న నీళ్ళలో బతికున్నదాన్ని వెయ్యడం వేరే విషయం. స్విట్జర్లాండు 2018లో దాన్ని నిషేధించింది, ముందు స్పృహ తప్పించాలంది. ఉడికించే ముందు కత్తి మొనతో ఒక్క పోటులో తల చీల్చేవాళ్ళూ ఉన్నారు. నాకైతే వాళ్ళ పద్ధతే నచ్చింది.

మన సముద్రంలోనూ లాబ్‌స్టర్లున్నాయి. విశాఖపట్నం చేపలరేవులో ఎప్పుడైనా కనబడతాయి. కానీ అవి వేరే కుటుంబం. ఈ లావు చేతులు వాటికి లేవు. బదులు ముళ్ళున్న కొరడాల్లాంటి మీసాలుంటాయి. మీసాల మొదళ్ళను కంటి కింద గట్టు మీద రాస్తే, ఫిడేలు కమానులా చప్పుడు కూడా చేస్తాయి. వాటిలో ముఖ్యంగా తినేది తోకే. ఎగుమతి చెయ్యాలంటే జాతిని బట్టి కనీస బరువు ఇంత ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2003లో నియమం పెట్టింది. 200, 300, 500 గ్రాములు అలా.

తిండి అయ్యాక గట్టు మీద ఆరబెట్టిన బోనులు చూడ్డానికి వెళ్ళాం. పచ్చటి ప్లాస్టిక్ పూత వేసిన ఇనుప తీగ పెట్టె, నాలుగడుగుల పొడుగు. కొల్లేట్లో పెట్టే మావు తెలిసినవాళ్ళకు దీని పోలిక ఇట్టే తెలిసిపోతుంది. పక్కల్లో వల గరాటాలు, లోపలికి పోనుపోను సన్నబడుతూ. మొదటి గదిని వాళ్ళు వంటిల్లు అంటారు, ఎర సంచి వేలాడేది అక్కడే. ఉప్పు పట్టించిన హెర్రింగ్ చేపలు అందులో. తిని వెళ్ళబోతే దారి ఇంకో గరాటాలోంచి రెండో గదికి, దాని పేరు సావడి. సావడి గోడలో కొలిచి పెట్టిన కంతలు. పిల్లలు అందులోంచి బయటపడతాయి. ఒక పలకను తుప్పుపట్టి పోయే మేకులతో బిగిస్తారు. తాడు తెగి బోను అడుగున ఉండిపోతే, కొన్నాళ్ళకు ఆ పలక ఊడి తలుపు తెరుచుకుంటుంది.

అంత తెలివిగా కట్టిన బోనుకు న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్ళు కెమెరా బిగించి సముద్రం అడుగున పెట్టారు. 2001లో వాళ్ళు అచ్చువేసిన లెక్క: లోపలికి దూరినవాటిలో చివరికి చిక్కినవి నూటికి ఆరు. మిగతావి వచ్చాయి, తిన్నాయి, ఒకదాన్నొకటి తరుముకున్నాయి, ఎక్కువభాగం వచ్చిన గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయాయి. మెయిన్‌లో ఒక జాలరి 800 బోన్లకు మించి పెట్టకూడదు. ఆ ఎనిమిది వందలూ ఎక్కువగా పిల్లల్ని మేపే అన్నసత్రాలే అన్నమాట.

చిక్కినదల్లా చేతికి రాదు. పడవ మీద ప్రతి జాలరి దగ్గరా ఇత్తడి కొలబద్ద ఒకటుంటుంది. దాని ఒక కొసను కంటి గుంటలో ఆనించి, మొండెపు డొప్ప వెనక అంచు దాకా కొలుస్తారు. 3.25 అంగుళాలు లేకపోతే పిల్ల కింద లెక్క, నీళ్ళలోకి. 5 అంగుళాలు దాటితే పెద్దది, అదీ నీళ్ళలోకే; ఎక్కువ గుడ్లు పెట్టేవి ఆ పెద్దవే. తోక కింద గుడ్లున్నదైతే కొలబద్ద అవసరమే లేదు. చిన్నది ఏడెనిమిది వేలు, పెద్దది లక్ష దాకా గుడ్లను తెడ్లకు జిగురుతో అంటించుకుని, తొమ్మిది నుంచి పదకొండు నెలలు మోస్తుంది. ఆడదాని తోక వెడల్పు అందుకే. అలాంటిది దొరికితే జాలరి విసనకర్రలో నడిమి రేకు పక్కనున్న కుడి రేకు మీద చిన్న గాటు పెట్టి వదులుతాడు. తర్వాత గుడ్లు లేకుండా ఇంకొకరికి దొరికినా, ఆ గాటు చూసి వాళ్ళూ వదలాల్సిందే. డొప్ప ఒకటి రెండుసార్లు మారేదాకా గాటు కనిపిస్తూనే ఉంటుంది.

ఆ ఇత్తడి ముక్కను అడిగి చేతిలోకి తీసుకున్నాను. అగ్గిపెట్టె కన్నా బరువుండదు. చిన్న కొలతకూ పెద్ద కొలతకూ మధ్య తేడా ఒకటిముప్పావు అంగుళం. మెయిన్ తీరంలో పట్టి బల్ల మీదికి తెచ్చే ప్రతి లాబ్‌స్టరూ ఆ ఒకటిముప్పావు అంగుళం సందులోంచి వచ్చిందే.